కంప్యూటరునందు తెలుగు వ్రాత: మన సంఘము చేయదగిన పని

(రాయవరము వార్షిక మహాసభయందు గావించిన ఉపన్యాసము)



విద్యానిధిని గూర్చియు, విద్యార్థి వసతిగృహమును గూర్చియు మాటలాడుటకు ఈ సభయందు పెద్దలనేకులు గలరు. మాకు కార్యవర్గమువా రప్పగించిన విషయము క్రొత్తది. ఇంటింటికి వచ్చి చేరిన కంప్యూటరునందును, ప్రతివారి చేతనున్న ఫోనునందును లభించు నూతన సాఫ్టువేరులును, ఇంటర్నెట్టు సేవలును మనవారి కెట్లుపయోగించునో చెప్పవలసినదని వారాజ్ఞాపించిరి. ఈ విషయము సముద్రమువంటిది. అందుండి మేము ఒక్క చెంబెడు నీరు మాత్రమే ముంచి తెచ్చితిమి. మన తెలుగు వ్రాతను యంత్రమునందు చెడకుండ నిలుపుకొను టెట్లు అనునదే మా ప్రసంగవిషయము. దీని నెన్నుకొనుటకు కారణము మా ప్రజ్ఞ గాదు. మాకు కలిగిన సిగ్గు. ఆ కథ ముందుగా మనవి చేసెదము.

ఈ సంచికను కూర్చుటకు పూనుకొన్నప్పుడు, వెనుకటి సంచికలలోని వ్యాసములను కొన్నింటిని పునర్ముద్రింపవలెనని తలచి, సంఘపు బీరువాలోని సీడీలను బయటకు తీసితిమి. మూడు సంచికల మూలప్రతు లందు భద్రపరుపబడినవని పై కాగితముపై వ్రాసియున్నది. ఒక సీడీ యంత్రమునకు అసలే అందలేదు. తక్కిన రెండును తెరువబడినవి గాని, తెలుగుండవలసిన చోట ఆంగ్లాక్షరములు, కామాలు, కుండలీకరణములు, అర్థములేని గుర్తులు పుటలనిండ చిందరవందరగా కానవచ్చినవి. వానిని కూర్చిన ముద్రణాలయము మూతబడి చాలకాలమైనది. ఆ సంచికలలో నొకదానికి అచ్చుప్రతి యొక్కటియే మిగిలినది; దానిలోను చందాదారుల పట్టికయు, సంఘస్థాపకుల జీవితసంగ్రహములును గల పుటలు చెదలపాలైనవి. మన తాతలు నాలుగణాలు, ఎనిమిదణాలు వేసి నిలబెట్టిన విద్యానిధికి మొదటి దాత లెవ్వరో చెప్పవలసివచ్చినప్పుడు మేము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. చెదలు తిన్న పుస్తకమునకును, చదువరాని సీడీకిని భేదమేమి? రెండును మన అజాగ్రత్తయొక్క ఫలములే.

ఇట్లేల జరిగెను? కారణము తెలిసికొన్నగాని మరల జరుగకుండ కాపాడుకొనలేము.

కంప్యూటరునకు అక్షరము తెలియదు. దానికి తెలిసినది సంఖ్యయే. ప్రతి యక్షరమునకు నొక సంఖ్య నేర్పరచి, ఆ సంఖ్యలనే అది దాచుకొనును. మొట్టమొదట అమెరికావా రేర్పరచుకొన్న పట్టికలో 128 స్థానములే యుండెను. అందు ఆంగ్లాక్షరములకును, అంకెలకును, విరామచిహ్నములకును చోటు గలదు గాని తెలుగునకు లేదు. అప్పుడు మనదేశపు పనివాం డ్రొక యుపాయము పన్నిరి. ఆంగ్లాక్షరముల స్థానములందే తలకట్టులు, గుడులు, కొమ్ములు, ఒత్తులు మొదలగు తెలుగు తునుకలను చిత్రించి ఫాంటులు తయారుచేసిరి. చూచువారికి పుట తెలుగే. లోపల మాత్రము యంత్రమున దాగినవి ఆంగ్లాక్షరముల సంఖ్యలే. రంగస్థలముమీద కిరీటము ధరించినంతసేపును రాజే; కిరీటము తీసినతోడనే వాని నెవ్వరును గుర్తింపరు. ఆ ఫాంటు గల యంత్రమునందు తెలుగుగా నుండు వ్రాత, అది లేని యంత్రమునందు గందరగోళముగా మారును. పైగా అను, శ్రీలిపి మొదలగు వాని యమరికలు వేర్వేరు. ఒకదానిలోని వ్రాత వేరొకదానిలో చదువబడదు. వానిని మేము నిందించుటలేదు. ఏ దారియు లేని కాలమున తెలుగు ముద్రణను నడిపినవి యవియే. నేటికిని అనేక ముద్రణాలయములలో పని వానిమీదనే సాగుచున్నది. కాని వానికి తోడుగానున్న పేజిమేకరు అను సాఫ్టువేరు 1985లో పుట్టి, 2001లో వెలువడిన ఏడవ కూర్పుతో నాగిపోయినది. ఆగిపోయిన బండిలో మన సామాను వదలి నిశ్చింతగా నిద్రించుట వివేకము గాదు.

ఈ చిక్కునకు విరుగుడుగా నేర్పడినదే యూనీకోడు. లోకమునందలి లిపు లన్నింటికిని ఒకే పట్టిక, ప్రతి యక్షరమునకు దానిదే యగు సంఖ్య, అది యే యంత్రమునందైనను మారరాదు. ఇదియే దాని నియమము. 1991లో వెలువడిన దాని ప్రథమ సంపుటమునందే తెలుగునకు స్థానము లభించినది. మన కిచ్చిన స్థానములు 3072 మొదలు 3199 వరకు 128. అందు ‘అ’ సంఖ్య 3077. ‘క’ సంఖ్య 3093. ‘రాయవరము’ అను మన యూరిపేరు యంత్రమున కేడు సంఖ్యలు: 3120, 3134, 3119, 3125, 3120, 3118, 3137. రకారము, దానిమీది దీర్ఘము, యకారము, వకారము, రకారము, మకారము, దాని కొమ్ము. ఈ యేడు సంఖ్యలను రాయవరములో వ్రాసినను, హ్యూస్టనులో తెరచినను, ఏబదియేండ్ల తరువాత మన మనుమలు చూచినను రాయవరముగానే చదువబడును. ఫాంటు మారిన అక్షరముల సొగసు మారునేగాని అక్షరము మారదు. వెదకిన దొరకును, అకారాదిగా పేర్చుకొనవచ్చును, అంధులకు యంత్రము చదివి వినిపింపగలదు. వేషపు తెలుగున వీనిలో ఏదియు సరిగా సాగదు.

ఈ సౌకర్యము మనకు ఆకాశమునుండి రాలలేదు. కంప్యూటరుపై మక్కువగల తెలుగువారు, పెక్కురు ప్రతిఫల మాశింపక, రాత్రులు మేల్కొని చేసిన పని యిది. 1990వ దశకపు తొలినాళ్ళలో అమెరికాయందలి రైస్ విశ్వవిద్యాలయమునుండి కన్నెగంటి రామారావుగారు మొదలగువారు ఆంగ్లపు మీటలతో తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని రూపొందించిరి. దూరదేశముల తెలుగువారు పరస్పరము తెలుగున ఉత్తరములు వ్రాసికొనుట కది తొలిదారులలో నొకటి. 1998లో ‘ఈమాట’ యను పత్రిక అమెరికానుండి ఇంటర్నెట్టుపై వెలువడ నారంభించినది. నాటి సంచికలు నేడును యూనీకోడున చదువదగియున్నవి. తిరుమల కృష్ణదేశికాచార్యులవారు ‘పోతన’, ‘వేమన’ అను ఫాంటులను గావించి అందరికిని ఉచితముగా నొసగిరి. 2001లో మైక్రోసాఫ్టువారి విండోసు ఎక్స్‌పీతో తెలుగు ఫాంటు కంప్యూటరులోనే చేరి వచ్చినది. దానిపేరు ‘గౌతమి’. మన ప్రక్కనే ప్రవహించు నదిపేరు ప్రపంచమునందలి కంప్యూటరులలోనికి పోయినదని మనలో నెందరికి తెలియును? 2003 డిసెంబరులో వెన్న నాగార్జునగారి పూనికచే తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు తలపెట్టి 1923లో తాము గతించుటచే అసంపూర్ణముగా విడిచిన విజ్ఞానసర్వస్వపు ఆశయము నేడు లక్షకు పైబడిన వ్యాసములతో వేరొక రూపమున పెరుగుచున్నది. 2006లో వీవెన్ అనువారు ‘లేఖిని’ని నిర్మించిరి. దానియందు ఆంగ్లపు మీటలతో ఏ, ఎమ్, ఎమ్, ఏ అని నొక్కిన ‘అమ్మ’ యని తెలుగున వచ్చును. ఆ యొక్క సాధనముచే తెలుగు వ్రాయ నేర్చినవా రనేకులు.

సోదరులారా! మనము డెల్టావారము. నీటి సంగతి మనకు చెప్పనక్కరలేదు. 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైనది. బ్రౌనుదొరగారి తెలుగు నిఘంటువు అచ్చుపడినదియు ఆ సంవత్సరముననే. ఒకటి నీటికి ఆనకట్ట. వేరొకటి మాటలకు ఆనకట్ట. కాని ఆనకట్ట కట్టినంతమాత్రమున మన చేను తడియదు. కాలువనుండి పంటబోదెను ఎవరిచేనికి వారు త్రవ్వుకొనవలెను. ఏటేట పూడిక తీసికొనవలెను. యూనీకోడు ఆనకట్టవంటిది. లేఖిని మొదలగునవి కాలువలు. మన సంఘము తన బోదెను నేటివరకు త్రవ్వుకొనలేదు. మా సిగ్గునకు కారణ మిదియే.

ఇక ఆ బోదెను త్రవ్వు విధమును మనవి చేసెదము. తెలుగు వ్రాయుటకు మూడు మార్గములు గలవు. మొదటిది, ఆంగ్లపు మీటల నాధారముగా గొని వ్రాయుట. విద్యార్థులకు, ఉద్యోగులకు ఇది సులభము. రెండవది, ఇన్‌స్క్రిప్టు అను అమరిక. ఎడమచేతికి అచ్చులును గుణింతపు గుర్తులును, కుడిచేతికి హల్లులును వచ్చునట్లు భారతీయభాషల కన్నింటి కొకేరీతిగా నేర్పరచినది. 1991 నాటి ప్రభుత్వ ప్రమాణమునందు చేరినది. ఆంగ్లము రానివారు దీనిని నేర్చుకొనవచ్చును. నెలదినములు దినమునకు అరగంట సాధనచేసిన చేయి కుదురుకొనును. విండోసునందును, లినక్సునందును ఇది ముందే యుండును, కొనవలసినది లేదు. మూడవది నోటితో చెప్పుట. 2017 ఆగస్టునుండి గూగులువారి కీబోర్డునందు తెలుగున పలికినది తెలుగున వ్రాయబడుచున్నది. తప్పులు దొరలును, దిద్దుకొనవలెను. కాని చూపు తగ్గిన మన పెద్దలు, వ్రేళ్ళు వణకువారు, చదువు తక్కువయై జ్ఞాపకము మిక్కుటముగా గల మన అమ్మమ్మలు తమకు తెలిసిన వంశకథలను, పెండ్లిపాటలను, వ్యవసాయపు మెలకువలను చెప్పిన యంత్రము వ్రాసికొనును. ఇది సామాన్యమైన మేలు గాదు.

వ్రాతకోతలకు లిబ్రేఆఫీసు అను సాఫ్టువేరు ఉచితముగా లభించును. అందముగా అచ్చువేయుటకు ‘రామభద్ర’, ‘మండలి’, ‘సూరన్న’, ‘ధూర్జటి’, ‘గిడుగు’ మొదలగు పేర్లు గల తెలుగు ఫాంటులు ఎవరైనను వాడుకొనదగు అనుమతిపత్రముతో నున్నవి. పాత ఫాంటులలో నున్న వ్రాతను యూనీకోడునకు మార్చు సాధనములు గలవు. మార్చినతరువాత ఒత్తులను, సంయుక్తాక్షరములను ఒకరు తప్పక సరిచూడవలెను. అచ్చుపుటను ఫోటో తీసి, అందలి అక్షరములను గుర్తించి వ్రాతగా మార్చు సేవలును గలవు. తెలుగు వికీసోర్సునందు పాతపుస్తకము లనేకము ఈ విధముననే చదువదగిన వ్రాతగా మార్చబడినవి. పాత కంప్యూటరు గలవా రొక సంగతి గమనింపవలెను: విండోసు 10కు మైక్రోసాఫ్టువారి సాధారణ సహాయము 2025 అక్టోబరు 14వ తేదీతో ముగిసినది. క్రొత్తదానికి తగని యంత్రమును పారవేయక, ఉచితముగా లభించు లినక్సును దానిలో నెక్కించిన తెలుగు వ్రాతపనికి పెక్కేండ్లు ఉపయోగపడును.

ఇక్కడ కొందరు మిత్రు లొక యాక్షేపణ చేయుదురు. “మన పిల్లలకు ఉద్యోగములు వచ్చుట ఆంగ్లముచేత. తెలుగున వ్రాసి లాభమేమి?” అని. ఆంగ్లము వలదని మేమనము. మన పిల్లలు దానిలో ప్రవీణులు కావలెననియే మా కోరిక. కాని రెండు సంగతులు వారి దృష్టికి తెచ్చెదము.

మొదటిది పేర్ల సంగతి. 1998లో రిజిస్ట్రేషను కచేరీలకు కంప్యూటరులు వచ్చినవి; 2001లో ఈ-సేవ, 2011లో మీసేవ వచ్చినవి. వానివలన ప్రజలకు కలిగిన సౌకర్యము గొప్పది. కాని ‘వీరవెంకటసత్యనారాయణమూర్తి’ అను పేరు తెలుగున ఒకేవిధముగా వ్రాయబడునది, ఆంగ్లమున బడిపత్రములో ఒకరీతిగను, ఆధారు కార్డులో వేరొకరీతిగను, పట్టాదారు పుస్తకములో మఱియొకరీతిగను పడుచున్నది. తండ్రి భూమి కుమారునకు సంక్రమించువేళ, కుమార్తె విద్యార్థివేతనమునకు దరఖాస్తు పెట్టువేళ, ఇద్దరు వేర్వేరు మనుష్యులు కారని నిరూపింపవలసివచ్చుచున్నది. మనలో ఈ బాధ పడని కుటుంబము లరుదు. కావున బిడ్డను బడిలో చేర్చునాడే తెలుగుపేరును నిర్దుష్టముగా వ్రాసి, దానికి ఆంగ్లమున ఒకే వర్ణక్రమమును నిశ్చయించి, అన్నిటను దానినే వ్రాయించుడు. ఇది రెండు నిమిషముల పని. నిర్లక్ష్యము చేసిన రెండేండ్ల తిరుగుడు.

రెండవది 2018 ఫిబ్రవరిలో జరిగినది. ‘జ్ఞా’ యను మన యక్షరము ఒకానొక విధముగా కూర్చబడి వచ్చినచో ఆపిల్ వారి ఫోనులలో ఆ సందేశము తెరచిన సాధనము నిలిచిపోవుచుండెను. లోకమంతటను గగ్గోలు పుట్టినది. ఫిబ్రవరి 19న ఆ సంస్థవారు సవరణ నిచ్చిరి. జ్ఞానమను మాటకు మొదటి యక్షరమే అంత గొప్ప యంత్రమునకు కొరుకుడుపడకపోవుట మొదట మాకు నవ్వు తెప్పించినది, తరువాత ఆలోచింపజేసినది. నిత్యము కోట్లమంది త్రొక్కు బాటలో ముల్లున్నచో వెంటనే తెలియును; ఎవ్వరును నడువని డొంకలో ఎన్నేండ్లైనను దాగియుండును. మనము మన లిపిని వాడినకొలది దానిలోని లోపములు బయటపడును, దిద్దబడును. వాడకున్న దిద్దువా డుండడు. ఇప్పుడు వచ్చుచున్న కృత్రిమమేధ యంత్రములును వ్రాయబడియున్న దానినుండియే భాష నేర్చుకొనుచున్నవి. మనము వ్రాయనిదానిని అవి నేర్వజాలవు. రేపు మన మనుమడు మన సీమను గూర్చి ఆ యంత్రము నడిగినప్పుడు సరియైన సమాధానము రావలెనన్న, ఆ సమాధానమును నేడు మనము వ్రాసియుంచవలెను.

ఇంత చెప్పినమీదట హెచ్చరికలు మూడు చెప్పక విరమించుట దోషము. మన కుటుంబముల పట్టికయందు పేర్లు, పుట్టినతేదీలు, ఫోను నెంబరులు, వివాహమునకు తగిన వధూవరుల వివరములు నుండును. సంఘాభిమానముచే కొందరు యువకులు వీని నన్నింటిని ఇంటర్నెట్టుపై బహిరంగముగా పెట్టబూనిరి. అది తగదు. మోసగాండ్ర కది సిద్ధాన్నము. వ్యక్తుల వివరముల రక్షణకు 2023లో పార్లమెంటు ఒక చట్టము చేసినది. చట్టము లేకున్నను ఇది మర్యాద. వంశచరిత్రము అందరికి; ఫోను నెంబరు అడిగి అనుమతి పొందినవారికి మాత్రమే. రెండవది, ఫోనునకు వచ్చు రహస్యసంఖ్యను, అనగా ఓటీపీని, సంఘము పేరు చెప్పి యడిగినను, మా పేరు చెప్పి యడిగినను ఎవ్వరికిని ఇయ్యకుడు. మూడవది, ఒక్క ప్రతి ప్రతి గాదు. ప్రతి వ్రాతయు మూడుచోట్ల నుండవలెను: సంఘపు కంప్యూటరునం దొకటి, వేరొక గ్రామమున ఒక సభ్యుని యింట నొకటి, ఇంటర్నెట్టునం దొకటి. ఒకటి అగ్నిపాలైనను, వరదపాలైనను తక్కినవి మిగులును. గోదావరి వరదలు చూచిన మనకు దీని నొకరు చెప్పవలసిన పనిలేదు.

సభవారి యెదుట మే ముంచు ప్రార్థనలు నాలుగు. ఒకటి: ఈ సంవత్సరము మొదలు సంఘపు కాగితము లన్నియు, సంచికయు యూనీకోడుననే వ్రాయబడవలెను. ముద్రణాలయమువారితో ఒడంబడిక చేసికొనునప్పుడే, అచ్చుప్రతులతోపాటు యూనీకోడు ప్రతిని మన కీయవలెనని వ్రాయించుకొనవలెను. రెండు: సభ్యుల యిండ్లలో అటకలమీద నున్న పాతసంచికలను, కరపత్రములను, సభల ఛాయాచిత్రములను ఒక నెల యెరువిండు. ఫోటోలు తీసి భద్రముగా తిరిగి యొప్పగించెదము. మూడు: వేసవి సెలవులలో రాయవరమునందు పదిదినముల తెలుగు వ్రాత తరగతి నడుపవలెను. అందొక నియమము: ప్రతి బల్లకు ఒక చిన్నవారును ఒక పెద్దవారును కూర్చుండవలెను. చిన్నవారికి యంత్రము తెలియును, పెద్దవారికి తెలుగు తెలియును. వీరు వారికి మీటలు చూపింతురు, వారు వీరికి తప్పులు దిద్దుదురు. స్త్రీలకు సగము స్థానములు కేటాయింపవలెను. నాలుగు: మహారాజపోషకులను మే మొక భవనము గాని, బంగారు పతకము గాని అడుగుటలేదు. పనికివచ్చు పాత కంప్యూటరులు రెండుమూడు, పుటలను చిత్రించు స్కానరు ఒకటి, వ్రాతలు దాచు డిస్కులు రెండు చాలును. శిలాఫలకము లేకపోయినను, వారి పేర్లు యూనీకోడున వ్రాసియుంచెదము. చెదలు వానిని ముట్టవు.

కడపట ఒక చిన్న సంగతి. చెదలు తిన్న ఆ పాతసంచికలోని చందాదారుల పట్టికలో పుట యడుగున మూడు పంక్తులు మాత్రము మిగిలియున్నవి. చివరి పంక్తిలో పేరు చెడిపోయినది. గ్రామము రాయవరమనియు, చందా నాలుగణాలనియు మాత్రము చదువవచ్చును. ఆ దాత ఎవరో మాకు తెలియదు. ఆయన వంశమువారు ఈ సభలోనే యుండవచ్చును. ఆ పంక్తిని మేము ఉన్నదున్నట్లుగా యూనీకోడున ఎక్కించి, పేరుచోట ఖాళీ విడిచితిమి. మీలో ఎవరియింటనైనను ఆ సంచిక వేరొక ప్రతి దొరకినయెడల ఆ ఖాళీ నిండును. ఇండ్లకు పోయినతోడనే ఒక్కసారి అటక వెదకుడని ప్రార్థించుచున్నాము.